ఇరవై ఒకటో పేరు

వెలెస్త్ర రాజ్యంలో వంది కావాలంటే ఒక్కటే అర్హత. తల్లిదండ్రులెవరో తెలియకూడదు.

సొంత వంశం ఉన్నవాడి నాలుక ఎక్కడో ఒకచోట తనవైపు వాలుతుందని ఆ దేశపు పెద్దలు ఏనాడో తేల్చుకున్నారు. అందుకని కోటగుమ్మం దగ్గర ఎవరో విడిచిపోయిన పసిగుడ్డును తెచ్చి, పాలు పట్టి, మాటలు వచ్చీరాగానే రాజుల పుట్టుకలూ పట్టాభిషేకాలూ దండయాత్రలూ నూరిపోసేవారు. రదోవుడు అలా పెరిగినవాడే. ఇప్పుడు ముప్ఫై రెండేళ్ళవాడు. ఇరవై ఇద్దరు రాజుల్లో ఎవరికి ఏ చెవి వెనక పుట్టుమచ్చ ఉండేదో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. తన తండ్రి పొడుగో పొట్టో మాత్రం చెప్పలేడు.

ఆ పొద్దున అతను తెల్లసరస్సు ఒడ్డున నిలబడి ఉన్నాడు. ఎదురుగా గడ్డకట్టిన నీరు, వెండిరేకు పరిచినట్టు, కనుచూపు మేర. దాని అడుగున ఎక్కడో ఒక మూలుగు పుట్టి, సరస్సంతా పాకి, ఆవలి ఒడ్డున ఆగుతోంది. ఆ ఒడ్డున వెలెస్త్ర కోట. గోపురాల మీద బంగారు రేకులు పొద్దుకు మెరుస్తున్నాయి. ఇళ్ళ పొగగొట్టాల్లోంచి పొగ తిన్నగా లేస్తోంది. వెనక్కి తిరిగితే వేరే పొగ ఉంది. వెంట తరుముతున్న గడ్డిమైదానాల గుర్రపు దండు రేపుకుంటూ వస్తున్న మంచుధూళి అది. మధ్యాహ్నం లోపల ఇక్కడికి చేరుతుంది.

ఆ రెండు పొగల మధ్య నాలుగు వేల మంది సైనికులు. శరదృతువులో బయలుదేరినప్పుడు పదివేలు. స్వెతిమీరు మహారాజు మొదటి దండయాత్రలో ఉప్పుకోట గెలిచాడు. రెండోదానిలో నదీముఖం దాకా పడవలు నడిపాడు. మూడోదానిలో ఏడుగురు సామంతుల చేత గుర్రం పగ్గాలు పట్టించాడు. నాలుగోది ఇది. దీన్ని గురించి ఏమని చెప్పాలో ఇంకా ఎవరూ వందికి చెప్పలేదు. చెప్పవలసిన గురువు స్తాన్యుడు మొన్న బండిలో జ్వరంతో కన్నుమూశాడు.

రాజు గుడారంలోంచి పిలుపు వచ్చింది.

స్వెతిమీరుడు తలుపుకు వీపు పెట్టి కూర్చున్నాడు. ఆ తలుపులోంచి సరస్సు కనిపిస్తుంది.

"నీ గురువు ఎన్ని పేర్లు నేర్పాడు?"

"ఇరవై రెండు, ప్రభూ."

"ఇరవై ఒకటి."

ఈ సరస్సు దాటే రివాజు పసిపిల్లలకు కూడా తెలుసు. వంది ముందు నడుస్తూ నూరడుగులకొకసారి కర్రతో మంచును గుద్ది ఒక రాజు పేరూ అతని యుద్ధాలూ పలకాలి. చనిపోయిన ఆ రాజు చెయ్యి కిందనుంచి వచ్చి మంచును పట్టుకుంటుంది. తర్వాతి నూరడుగులూ ఏనుగులు నడిచినా పగలదు. చివరి పేరు బతికున్న రాజుది. అది పలికితే అతను "ఉన్నాను" అని బదులివ్వాలి. ఆ మాట విన్నాకే కోటతలుపులు తెరుస్తారు. ఆ చివరి నూరడుగుల్లో నీళ్ళు మోకాలి లోతే కనుక చెయ్యి అక్కర్లేదు. స్వెతిమీరుడి మూడు దండయాత్రలూ వేసవిలో పడవల మీద సాగాయి. మంచుతో పని పడటం ఇదే మొదలు.

"నూరడుగులు తక్కువ పడతాయి, ప్రభూ. ఇరవై ఒకటో నూరు సరిగ్గా ఏరు వచ్చి కలిసే చోట ఉంది. అడుగున ప్రవాహం మంచును కొరికేసి ఉంటుంది."

"అక్కడ కూడా నా పేరే చెప్పు. రెండుసార్లు చెప్పు."

"బతికున్నవారి చెయ్యి కిందికి రాదు, ప్రభూ."

"ఏడుగురు సామంతుల చేత పగ్గాలు పట్టించిన పేరురా అది! రెండు బెత్తల మంచును పట్టి ఉంచలేదా?" రాజు నవ్వాడు. ఆ నవ్వు పెదవులు దాటి పైకి పోలేదు. "నేను తీసేసిన ఆ పేరు పలికినవాడి నాలుక ఏమవుతుందో తెలుసుగా?"

"తెలుసు, ప్రభూ."

ఆ పేరు లుబోరుడు. స్వెతిమీరుడి అన్న. పన్నెండేళ్ళ కిందట నలభై రోజులు రాజ్యం చేశాడు. తమ్ముడు అతని కళ్ళల్లో కాల్చిన సూదులు పెట్టించి, చెరలో ఉంచి, నడి చలికాలం రాగానే ఈ సరస్సు మీదే వదిలించి, చనిపోయాడని చాటింపు వేయించాడు. తర్వాత ఆ పేరు కూడా లేదన్నాడు.

రదోవుడు బయటికి వచ్చేసరికి తిహోరుడు విల్లు భుజాన వేసుకుని ఎదురుచూస్తున్నాడు. యాభై దాటిన విలుకాడు. ఒక చెవి ఎప్పుడో చలికి రాలిపోయింది.

"పదండి, వందిగారూ. మీ వెనక పది అడుగుల్లో నేను. పలకకూడని పేరు పలికితే వీపులో బాణం దించాలట. పెద్దవారి ఆజ్ఞ. తుమ్ము వస్తే మాత్రం ముందే చెయ్యెత్తండి. పేరనుకుని కొట్టేస్తాను."

"కొట్టగలవా?"

"గురి గురించి అడుగుతున్నారా, మనసు గురించా?" అని తిహోరుడు ఆవలి ఒడ్డు వైపు గడ్డం ఎత్తాడు. "అదిగో, బురుజు పక్కన మూడో పొగ. నా ఇల్లే. మా ఆవిడ ఇవాళ కూడా తడికట్టెలే పెట్టింది. నల్లగా వస్తోంది చూడండి. ఎన్నిసార్లు చెప్పినా వినదు."

రదోవుడు ఆ పొగ వైపు చూశాడు. అలా చూపించుకోవడానికి తనకు ఏ పొగా లేదు. ఇనుప పొన్ను వేసిన కర్ర తీసుకుని మంచు మీదికి దిగాడు.

"వ్లెదుడు! ఎలుగుబంటి పాలు తాగినవాడు. ఏడు పల్లెలను ఒక కోట చేసినవాడు!"

కర్ర గుద్దిన చోట, అద్దం అవతల దీపం కదిలినట్టు, అడుగున ఏదో తెల్లగా కదిలింది. ఒక పెద్ద అరచెయ్యి పైకి తేలి వచ్చి మంచుకు ఆనింది. వేళ్ళ మధ్య రోమాలు కూడా కనిపించాయి. ఆ వెంటనే నూరడుగుల మేర మంచు పాలరాయిలా బిగిసింది. వెనక నాలుగు వేల గొంతులు ఒక్కసారి ఊపిరి వదిలాయి.

రెండో పేరు. మూడో పేరు. తోడేళ్ళ అడవిని కాల్చి దారి వేసినవాడు. పెళ్ళిపీటల మీదనుంచి లేచి యుద్ధానికి వెళ్ళి, పెళ్ళిబట్టలతోనే తిరిగి వచ్చినవాడు. ఒకే కోటను పదకొండుసార్లు ముట్టడించి, పన్నెండోసారి దాని గుమ్మంలో ముసలితనంతో చనిపోయినవాడు. ప్రతి పేరుకూ ఒక చెయ్యి వచ్చింది. ఉంగరాల చేతులు, కత్తిగాట్ల చేతులు. పదకొండో రాజు పదేళ్ళవాడు. అతని బుల్లిచెయ్యి మంచుకు ఆనినప్పుడు రదోవుడు ఒక్క క్షణం మోకాళ్ళ మీద కూర్చుని, పైనుంచి తన చెయ్యి దానికి ఆనించి లేచాడు. అది రివాజులో లేదు. తిహోరుడు చూసి చూపు తిప్పుకున్నాడు.

మొదటినుంచీ దూరంగా ఒక నల్లచుక్క కనిపిస్తూ ఉంది. పదో పేరుకు అది మనిషి అయింది. పదిహేనో పేరుకు ఆ మనిషి చేతిలో గాలం కనిపించింది.

"వందిగారూ," తిహోరుడి గొంతు మారింది. "వాడు మంచుమాంత్రికుడు. చేపల కోసం కూర్చోడు. మనుషుల కోసం కూర్చుంటాడు. ఆ గుంటలోకి చూశారో, మీకు కావలసింది చూపించి మిమ్మల్ని ఉంచేసుకుంటాడు. నేనింక దగ్గరికి రాను. నా బాణం ముప్పై అడుగులనుంచయినా తగులుతుంది."

"ధైర్యం చెబుతున్నావా?"

"ఉన్నమాట చెబుతున్నాను."

ఇరవయ్యో పేరు స్వెతిమీరుడి తండ్రిది. ఆ చెయ్యి బిగించిన నూరడుగులు సరిగ్గా గాలం వేసుకున్న మనిషి దగ్గర ఆగాయి. అవతల మంచు రంగే మారిపోయింది. బూడిదరంగు. పలచన. కింద నీళ్ళు పరుగెత్తడం చెవికి వినిపిస్తోంది.

ఆ మనిషి తోలుటోపీ ముక్కు దాకా లాగుకుని, మంచులో తవ్విన గుంట ముందు కూర్చున్నాడు. తల ఎత్తలేదు.

"ఇరవై అయ్యాయి," అన్నాడు. "బాగానే చెబుతున్నావు. స్తాన్యుడి గొంతు కాదే ఇది. పోయాడా?"

"మొన్న."

"అయ్యో! మంచివాడు. పాడితే మాత్రం భరించలేం."

"నువ్వు గుర్రపు దండు మనిషివా?"

"ఎవరి మనిషినీ కాను, నీలాగే. భయపడకు. నిన్ను అడగరానిదేమీ అడగను. మీ రాజు ఏం చెయ్యమన్నాడో అదే చెయ్యి. ఆ పేరు మింగెయ్యి. నూరడుగులూ గమ్మున నడిచిపో. ఒంటిమనిషిని ఆ పొర మోస్తుంది."

"వెనక నాలుగు వేల మంది ఉన్నారు."

"ఉంటారు. మునుగుతారు. ఆజ్ఞ రాజుది, పాపమూ రాజుదే. నీ చేతికి ఏమంటుకుంటుంది? ఊరికే చెయ్యమనడం లేదులే, ఇలా రా. చూడు."

చూడకూడదని తెలిసి కూడా రదోవుడు చూశాడు.

గుంటలో నీళ్ళు నల్లగా, కదలకుండా ఉన్నాయి. వాటిలో ఒక తెల్లచెట్ల తోపు. తోపులో ఒక మనిషి అటు తిరిగి నడిచిపోతున్నాడు. పాత ఉన్నికోటు. ఎడమచెయ్యి ఊగుతోంది. దానికి చిటికెనవేలు లేదు. కుడిభుజం ఎడమదానికన్నా రెండు వేళ్ళు కిందికి ఉంది.

రదోవుడి చెయ్యి తనంతట తానే తన కుడిభుజం మీదికి పోయింది. అది కూడా అలాగే వాలి ఉంటుంది. కర్ర మోసీ మోసీ అలా అయిందని ఇన్నేళ్ళూ అనుకున్నాడు.

"ఇటు తిరగమను," అన్నాడు. ఆ గొంతు ఎవరిదో పసివాడిదిలా ఉంది.

"తిరుగుతాడు. నువ్వు అవతలికి పో. అరుపులు ఆగేదాకా వెనక్కి చూడకు. ఆ తర్వాత రా. మొహం చూపిస్తాడు. పేరు చెబుతాడు. నిన్నెందుకు గుమ్మంలో పెట్టి వెళ్ళాడో కూడా అడుగు."

వెనక ముప్పై అడుగుల్లో తిహోరుడు చలికి కాళ్ళు తాటిస్తున్నాడు. దండు తోక దగ్గర కొమ్ము ఊదారు. గుర్రపు దండు ఒడ్డుకు చేరిందన్నమాట. ఎదురుగా, బురుజు పక్కన, మూడో పొగ నల్లగా లేస్తోంది.

ఊరికే నడిచిపోవాలి. అంతే. ఇంతకన్నా తేలికైన పని లోకంలో లేదు. ముప్ఫై రెండేళ్ళ కిందట ఒక మనిషి కూడా ఇలాగే ఒక గుమ్మం ముందునుంచి వెనక్కి చూడకుండా నడిచిపోయి ఉంటాడు. బహుశా ఇదే నడకతో.

రదోవుడు కర్ర ఎత్తి గుద్దాడు.

"లుబోరుడు! నలభై రోజులు రాజ్యం చేసినవాడు. ఒక్క వసంతం. ఎవరి మీదికీ దండెత్తనివాడు!"

వెనక వింటినారి సాగిన చప్పుడైంది. రదోవుడు కళ్ళు మూసుకున్నాడు. బాణం రాలేదు. కళ్ళు తెరిచి కిందికి చూశాడు. చెయ్యి కూడా రాలేదు. కర్ర గుద్దిన చోటునుంచి ఒక పగులు, సాలెగూటి పోగులా, అన్ని దిక్కులకూ విచ్చుకుంటోంది.

"ఉన్నాను," అన్నారెవరో.

గాలం వేసుకున్న మనిషి లేచి నిలబడి ఉన్నాడు. తన నోట ఆ మాట ఎలా వచ్చిందో అతనికే అర్థమైనట్టు లేదు. తోలుటోపీ జారి పడింది. కళ్ళుండవలసిన చోట రెండు కాలిన మచ్చలు.

తిహోరుడి విల్లు కిందికి దిగింది. "ఆ గొంతు..." అన్నాడు. "బాబోయ్! ఆ గొంతు ముందు నేను నలభై రాత్రులు కాపలా ఉన్నాను."

బతికున్నవాణ్ణి చనిపోయినవాళ్ళ వరసలో పిలిచాడు రదోవుడు. ఏ వందీ ఎప్పుడూ చెయ్యని తప్పు అది.

"చెడగొట్టావురా," అన్నాడు లుబోరుడు. కోపంగా కాదు, అలిసిపోయినట్టు. "పన్నెండేళ్ళు కూర్చున్నాను ఇక్కడ. వాడి ఆజ్ఞే వాణ్ణి ముంచాలని. కళ్ళు పోయాక మంచు అడుగున చూడటం నేర్చుకున్నాను. దానికోసమే నేర్చుకున్నాను. ఎవడి కొడుకువి నువ్వు, నన్ను పిలవడానికి?"

"ఎవరి కొడుకునీ కాను, ప్రభూ. అయ్యుంటే భయపడి ఉండేవాణ్ణి."

కాళ్ళ కింద మంచు టప్పున మరోసారి విరిగింది.

"చెయ్యి కావాలి, ప్రభూ."

"నేను చచ్చిపోలేదుగా! కిందనుంచి ఎలా పెట్టను?"

"పైనుంచి పెట్టండి. ఈ గుంటలోంచి."

లుబోరుడు చేత్తో గుంట అంచు తడిమాడు. "అందులో నీ తండ్రి ఉన్నాడు. నీళ్ళు కదిలితే పోతాడు. మళ్ళీ పిలవడం నా వల్ల కాదు. చూసుకో."

రదోవుడు చూశాడు. తోపులో మనిషి ఆగాడు. మెడ మెల్లగా ఇటు తిరుగుతోంది. చెవి కనిపించింది. చెవి కింద నెరిసిన గడ్డం. చెంప అంచు.

రదోవుడు లుబోరుడి మణికట్టు పట్టుకుని, అతణ్ణి మంచు మీద బోర్లా పడుకోబెట్టి, ఆ చేతిని భుజం దాకా గుంటలో దించాడు.

నీళ్ళు పగిలిపోయాయి. తోపు లేదు, మనిషి లేడు.

లుబోరుడి గొంతులోంచి ఒక కేక లేచింది. దానితోపాటే బూడిదరంగు మంచు నూరడుగుల మేర తెల్లబడి బిగిసింది.

"నడవండి!" అని వెనక్కి అరిచాడు తిహోరుడు. "ఆయన చెయ్యి పనిచేస్తున్నంతసేపే దారి! నడవండిరా, మీ తాతలకు పుణ్యముంటుంది!"

రదోవుడు ముందు, వెనక తిహోరుడు, ఆ తర్వాత దండు కదిలింది. గుంట పక్కనుంచి పోతూ ఒక్కొక్కరే తలపాగలు తీశారు. ఎవరూ తియ్యమని చెప్పలేదు. స్వెతిమీరుడు గుర్రం మీద అక్కడికి వచ్చి ఆగాడు. సరస్సు వైపు చూడటం తప్పించుకోవడానికి ఇప్పుడతనికి ఏ గుడారమూ లేదు.

"చచ్చావనుకున్నాను," అన్నాడు.

"చాటింపు విన్నాను, తమ్ముడూ. నేను కూడా చాలాకాలం అలాగే అనుకున్నాను."

రాజు గుర్రాన్ని కొట్టాడు. నూరడుగులూ దాటి రదోవుడి పక్కన నిలిపాడు. ఇక మిగిలింది మోకాలి లోతు నీటి మీద నూరడుగులు, మూసిన కోటతలుపులు. గోడ మీద కాపలావాళ్ళు చెవులు రిక్కించి వింటున్నారు. దండు తోక మీద గుర్రపు దండు బాణాలు పడటం మొదలైంది.

"చివరి పేరు పలుకు," అన్నాడు స్వెతిమీరుడు.

వెనకనుంచి లుబోరుడి గొంతు మంచు మీద పాకుతూ వచ్చింది. "వందీ! నన్ను పిలిచావు. నేను ఉన్నానన్నాను. బతికున్నవాడి తర్వాత ఇంకో పేరుంటుందా? ఏది రివాజు?"

తమ్ముడి పేరు పలికితే తలుపులు తెరుచుకుంటాయి. ఆ క్షణమే అన్న చనిపోయినవాళ్ళలో జమ అవుతాడు. గుంటలో ఉన్న చెయ్యి ఇక పైకి రాదు. అన్న పేరే మళ్ళీ పలికితే ఇంటి గుమ్మంలో నాలుగు వేల కత్తులు రెండుగా చీలుతాయి. ఏదీ పలకకపోతే అందరూ ఈ మంచు మీదే ఆఖరు. ఇంతమంది మధ్య రదోవుడు మునుపెన్నడూ లేనంత ఒంటరివాడయ్యాడు.

"తిహోరా!" అన్నాడు రాజు. "ఎక్కుపెట్టు."

తిహోరుడు ఎక్కుపెట్టాడు. బాణం ములుకు రాజుకూ వందికీ నడుమ ఊగింది. "ఏదో ఒకటి తేల్చండి, వందిగారూ," అన్నాడు. "నా వేళ్ళు గడ్డకడుతున్నాయి. ఇవి జారితే బాణం ఎటు పోతుందో నాకే తెలీదు."

అప్పుడు రదోవుడి అరికాలికి వెచ్చగా తగిలింది.

అతనింకా కర్ర గుద్దలేదు. ఏ పేరూ పలకలేదు. రాజులందరి చేతులూ వెనకే ఉండిపోయాయి. తల వంచి చూశాడు. సరిగ్గా తన పాదం కింద, మంచుకు అవతలి వైపునుంచి, ఒక అరచెయ్యి ఆనించి ఉంది. ఎడమచెయ్యి. ఉంగరం లేదు, కత్తిగాటు లేదు. కాయలు కాచిన మామూలు చెయ్యి.

నాలుగే వేళ్ళు. చిటికెనవేలు లేదు.

ఎంతకాలంనుంచి ఆ చెయ్యి ఈ నీళ్ళ అడుగున ఉందో, ఏ దారిన కోటగుమ్మానికి వెనక్కి వస్తూ మునిగిందో, చెప్పేవాళ్ళెవరూ లేరు. రదోవుడు రెండో పాదం కూడా దానిమీదే మోపాడు. మంచు చెక్కుచెదరలేదు. అన్నదమ్ములిద్దరూ, గోడమీద కాపలావాళ్ళూ, నాలుగు వేల మందీ ఊపిరి బిగబట్టి వింటుండగా, ఆ చేతిమీద తన బరువంతా ఆనించి, వంది కర్ర ఎత్తాడు.